జీవితకాల చందా: ఎవరి జీవితము?

(గత ఆదివారము సాయంకాలము మన సంఘ భవనమున జరిగిన కుటుంబ సమావేశములో చేసిన ప్రసంగము. సభ్యుల కోరికపై ముద్రింపబడినది.)



ఈ సభలో బడుల సంగతి, పిల్లల తెలుగు చదువు సంగతి, మార్కండేయ రథోత్సవపు ఏర్పాట్ల సంగతి మాట్లాడుకొనుట మనకు వాడుక. నేడు ఒక చిన్న పెట్టెను గురించి మాట్లాడవలసి వచ్చినది. దాని పేరు వీడియో రికార్డరు. మేము పండితులము కాము. మెట్రిక్కు వరకు చదివి నూలు అంగడిలో కూర్చున్నవారము. కావున యంత్రశాస్త్రము చెప్పబోము. చందా లెక్క మాత్రము చెప్పెదము. లెక్క మా వృత్తి.

సంగతి మీలో చాలమందికి తెలిసినదే. మన పేటలో మూడు గల్లీలవారు కలసి కెమేరాలు పెట్టించుకొనవలెనని తలంచుచున్నారు. రాత్రివేళ కార్ఖానా వాకిట దింపిన నూలు మూటలు తెల్లవారునప్పటికి తక్కువగుట, సైకిళ్లు, మోటారు సైకిళ్లు మాయమగుట మనము చూచుచున్నాము. ఎవరు తీసిరో తెలియక ఒకరినొకరు అనుమానించుకొనుట అంతకంటె చెడ్డ సంగతి. పోయిన మూటకు వెల కట్టవచ్చును; పొరుగువానిపై పుట్టిన అనుమానమునకు వెల లేదు. కావున కెమేరాలు పెట్టుకొనుట మంచిదే. ఇక అమ్మువారు తెచ్చిన చీటీలో చందా మూడు విధములుగా వ్రాసియున్నది. ఒక్కొక్క కెమేరాకు నెలసరి అయినచో 150 రూపాయలు. మూడేండ్లకు ఒక్కమారుగా అయినచో 3,600 రూపాయలు. జీవితకాలమునకు అయినచో 7,200 రూపాయలు. ఏది తీసుకొనవలెనని గల్లీ పెద్దలు మమ్ము అడిగిరి. ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పరాదని మాకు ఒక అనుభవము వలన తెలిసినది. ఆ అనుభవము ముందు చెప్పెదము.

మొదట, ఈ చందా దేనికో తెలిసికొనవలెను. కెమేరా చూచిన బొమ్మలను దాచుటకు రెండు మార్గములు గలవు. మొదటిది, రికార్డరు పెట్టెలోని హార్డుడిస్కుపై దాచుట. దీనికి చందా అక్కరలేదు. పెట్టె కొన్ననాడు ఇచ్చిన పైకమే. ఒక టెరాబైటు డిస్కుపై నాలుగు కెమేరాల బొమ్మలు, నాణ్యతను బట్టి, పది దినముల నుండి మూడు వారముల వరకు నిలుచును. తరువాత పాతవానిని చెరిపి వానిపైననే కొత్తవి వ్రాయబడును. రెండవది, ఇంటర్నెట్టు ద్వారా బొమ్మలను ఎక్కడనో దూరముననున్న కంపెనీవారి యంత్రములకు పంపి అక్కడ దాచుట. చందా అడుగునది ఈ రెండవ మార్గమునకు. కొందరు అమ్మువారు ఈ తేడా చెప్పరు. చందా కట్టనిదే పెట్టె పనిచేయదన్నట్లు మాట్లాడుదురు. కావున ఏ పెట్టెనైనను కొనుటకు ముందు, చందా లేకుండ ఇది ఏమి చేయును, ఏమి చేయదు అని అడిగి తెలిసికొనుడు.

దూరమున దాచుటవలన లాభము లేకపోలేదు. దొంగ తెలివైనవాడైనచో మొదట రికార్డరునే ఎత్తుకొని పోవును; అప్పుడు పెట్టెలోని బొమ్మలు పెట్టెతో పోవును. దూరముననున్నవి నిలుచును. అయితే ఇంటర్నెట్టు ఆగిన గంటలలో దూరమునకు ఏమియు చేరదు. ఆ ఇంటర్నెట్టుకు మరల నెలనెలా వేరు చందా. ఈ ఖర్చు చీటీలో వ్రాసియుండదు, మనమే కలుపుకొనవలెను.

ఇక లెక్క. నెలకు 150 వంతున 3,600 రూపాయలనగా ఇరువదినాలుగు నెలల చందా. అనగా మూడేండ్ల చందా కట్టినవానికి రెండేండ్లు గడచినప్పుడే లాభము మొదలగును; మూడవ ఏడు మిగులు. 7,200 రూపాయలనగా నలువదియెనిమిది నెలల చందా. అనగా జీవితకాల చందా కట్టినవాడు నాలుగేండ్లు గడచిన పిదపనే నెలసరివానికంటె లాభపడును. మూడేండ్ల చందాను రెండుసార్లు కట్టినవానితో పోల్చినచో ఆరేండ్లు గడవవలెను. కావున అడుగవలసిన ప్రశ్న ఇది: ఆ పెట్టె, ఆ కెమేరా, ఆ కంపెనీ, ఈ మూడును కలసి ఆరేండ్లు బ్రదుకునా? ఏ ఒక్కటి ముందు పోయినను మన జీవితకాలము అచ్చటనే ముగియును.

సోదరులారా, చీటీలో "జీవితకాలము" అని వ్రాసినప్పుడు మనము మన జీవితమని చదువుదుము. వ్రాసినవారు మరియొక జీవితమును తలంచుకొని వ్రాయుదురు. ఈ సంగతి కెమేరాల వ్యాపారముతో పుట్టినది కాదు. ఇరువదియైదేండ్ల క్రిందట టెలివిజను రికార్డరుల వ్యాపారములో బాగుగా నడచినది. దానిని కొంచెము వివరించెదము.

1999లో అమెరికాలో టీవో అను కంపెనీ ఒక రికార్డరును అంగడిలో పెట్టెను. టెలివిజనులో వచ్చు కార్యక్రమములను హార్డుడిస్కుపై దాచి, తీరిక దొరకినప్పుడు చూచుకొనుటకు అది ఉపయోగపడును. పగలంతయు పనిచేయువారికి అది గొప్ప సౌకర్యము. మన దేశమునను 2008లో టాటా స్కై వారు అట్టి రికార్డరు పెట్టెను తెచ్చిరి. ఏ దినమున ఏ కార్యక్రమము ఎన్ని గంటలకు వచ్చునో ఆ పట్టికను టీవో పెట్టెకు కంపెనీ ఎప్పటికప్పుడు పంపవలెను. చందా ఆ పట్టిక కొరకు. తొలుత ధరలు నెలకు 9 డాలర్ల 95 సెంట్లు, జీవితకాలమునకు 199 డాలర్లు. అనగా జీవితకాల చందా ఇరువది నెలల చందాకు సమానము. కాని ఆ జీవితము కొన్నవానిది కాదు, పెట్టెది. పెట్టె చెడి మరియొకటి కొన్నచో మరల చందా కట్టవలసినదే. పెట్టెను ఇంకొకరికి అమ్మినచో చందా పెట్టెతోనే పోవును. అందుచేత జీవితకాల చందా గల పాత పెట్టెలకు అమ్మకములో మంచి ధర వచ్చుచుండెను.

ఆ కంపెనీ 2006లో కొత్తవారికి జీవితకాల చందా అమ్ముట మానెను. ఏడాది, రెండేండ్లు, మూడేండ్ల చందాలు పెట్టెను. తరువాత కొంతకాలమునకు జీవితకాల చందాను హెచ్చు ధరకు మరల తెచ్చెను. ఏల ఇట్లు చేసెనో వ్యాపారి అయినవానికి చెప్పనక్కరలేదు. జీవితకాల చందా నేడు పెట్టె నింపును, రేపటి రాబడిని తినివేయును. పట్టిక తయారుచేయు ఖర్చు మాత్రము నెలనెలా వచ్చుచునే యుండును. కొత్తవారు వచ్చినంతకాలము వారి పైకముతో పాతవారికి సేవ జరుగును. కొత్తవారి రాక తగ్గిననాడు ఇబ్బంది మొదలగును. 2025లో ఆ కంపెనీ రికార్డరు పెట్టెలను అమ్ముటయే మానివేసెను.

ఇంగ్లండులో జరిగినది వినుడు. అచ్చట ఈ పెట్టె 2000లో వచ్చెను. నెలకు 10 పౌనులు, లేక జీవితకాలమునకు 199 పౌనులు. పెట్టెలు అనుకొన్నంతగా అమ్ముడుపోలేదు; రెండు మూడేండ్లలో అంగళ్లలో అమ్మకము నిలిచెను. అయినను పట్టిక పంపుట సాగినది. చివరకు 2011 జూను 1వ తేదీన ఆ పాత పెట్టెలకు సేవ నిలిపివేసిరి. జీవితకాల చందా కట్టినవారికిని నిలిచెను. పెట్టెలు కొన్ని ఇంకను బాగుగానే యున్నవి, మనుష్యులును బ్రదికియున్నారు, సేవ మాత్రము చనిపోయెను.

ఇందులో ఎవరు మోసపోయిరి? న్యాయముగా చెప్పవలెను. మొదటి ఏడే 199 పౌనులు కట్టినవాడు ఇరువది నెలల పైకముతో పదేండ్లకు పైగా సేవ పొందెను. వానికి అది గొప్ప లాభము. అదే పైకమును మూతపడుటకు ఒక ఏడాది ముందు కట్టినవాడు ఎవడైన నుండినచో వాడు నష్టపోయెను. మాట ఒక్కటే, ధర ఒక్కటే, లాభనష్టములు వేరు. కావున జీవితకాల చందా యనగానే మోసమని మేము చెప్పము. అది ఎన్ని నెలల చందాకు సమానమో, ఆ కంపెనీ వయస్సు, బలము ఎట్టివో, ఈ రెండును చూడవలెను. ఇరువది నెలల ధరకు వచ్చు జీవితకాలము ఒక సంగతి. నలువదియెనిమిది నెలల ధరకు వచ్చునది వేరొక సంగతి.

ఇక మా అనుభవము. ఇది చెప్పుట మాకు సులభము కాదు. కాని మీ సొమ్ము విషయమున సలహా చెప్పువాడు తన తప్పు దాచుట ధర్మము కాదు.

2005 చివర, 2006 మొదట మన దేశమున సెల్లు ఫోను కంపెనీలు జీవితకాల పథకములను తెచ్చిన సంగతి మీకు జ్ఞాపకముండును. 999 రూపాయలు ఒక్కమారు కట్టినచో ఇక లైను ఆగదు, వచ్చు పిలుపులు ఎప్పటికిని వచ్చును అని ప్రకటనలు. అప్పుడు మేము ఇరువది దాటిన పడుచువారము. తండ్రిగారి అంగడిలో కూర్చుండుచు, కొత్తవన్నియు మాకే తెలియునని తలంచువారము. మా గల్లీలోని పదునొకండు కుటుంబములచే ఆ పథకము తీసికొనజేసితిమి. వారిలో బీడీలు చుట్టి బ్రదుకు ముసలితల్లి ఒకామె యుండెను. ఆమెకు 999 రూపాయలనగా ఎన్ని వేల బీడీలో మీరే లెక్క వేసికొనుడు. "అవ్వా, ఒక్కసారి కట్టు, ఇక జీవితమంతా చింత లేదు" అని మేమే చెప్పితిమి.

ఆ సంవత్సరము మార్చిలోనే టెలికాం నియంత్రణ సంస్థ ఒక ఉత్తరువు చేసెను. జీవితకాలమని అమ్మిన పథకమును, కంపెనీకి లైసెన్సు ఉన్నంతకాలము, లైసెన్సు పొడిగింపబడినచో ఆ కాలమంతయు, కొనసాగింపవలెనని దాని భావము. ఉత్తరువు మంచిదే. కాని దానిలోనే నిజము దాగియున్నది: ఆ జీవితము కంపెనీ లైసెన్సుయొక్క జీవితము. అంతేకాక, ఆరునెలలకు ఒకమారైనను ఇంత పైకము వేయవలెనను నిబంధన అనేక పథకములలో చిన్న అక్షరములలో నుండెను. మేము పెద్ద అక్షరములు మాత్రమే చదివితిమి.

పండ్రెండేండ్లు గడచెను. 2018లో ఎయిర్‌సెల్ కంపెనీ దివాలా తీసెను. దాని ఖాతాదారులు నెంబరు నిలుపుకొనుటకు వేరొక కంపెనీకి మారవలసి వచ్చెను. అదే ఏడు చివర కొన్ని పెద్ద కంపెనీలు, లైను నిలువవలెనన్నచో ఇరువదియెనిమిది దినములకు ఒకమారు కనీసము 35 రూపాయలు వేయవలెనని తెలిపెను. మా గల్లీవారి ఫోనులకును అట్టి సందేశము వచ్చెను. ఆ ముసలితల్లి ఫోను చేతబట్టుకొని అంగడికి వచ్చి, నలుగురు బేరగాండ్రు కూర్చుండగా మమ్ము అడిగినది:

"ఏం బిడ్డా, సచ్చేదాక పైసలు కట్టేది లేదంటివి. నేనింక సావనే లేదు గదా!"

మేము లెక్క చెప్పితిమి. "అవ్వా, 999 రూపాయలకు పండ్రెండేండ్లు నడచినది, నెలకు ఏడు రూపాయలు కూడ పడలేదు, నీకు నష్టము లేదు" అంటిమి. ఆ లెక్క తప్పు కాదు. ఆమె విని, "లెక్క నాకు తెల్వది బిడ్డా. నువ్వు మాటిస్తివి" అని లేచి వెళ్లిపోయినది.

నాటి నుండి మాకు ఒకటి బోధపడినది. కంపెనీ చీటీపై వ్రాసినది కంపెనీ మాట. దానిని మన వారికి మనము చెప్పినప్పుడు అది మన మాట యగును. ఈ పేటలో అక్షరము చదువలేని ముసలివారు, తీరిక లేని కార్మికులు మన నోటి మాటపై పైకము కట్టుదురు. కావున గల్లీ పెద్దలై యున్నవారు "అందరును జీవితకాలము కట్టుడు" అని చెప్పుటకు ముందు, ఆ మాటకు తాము పూచీ పడగలమా యని తమను తాము ప్రశ్నించుకొనవలెను.

అసలు జీవితకాల చందా అననేమి? వ్యాపారి కంటితో చూచినచో అది మనము కంపెనీకి ఇచ్చు అప్పు. వడ్డీ లేదు, తాకట్టు లేదు, గడువు లేదు. తీర్చుట సేవ రూపమున. నూలు ఉద్దెర ఇచ్చునప్పుడు మనము ఏమి చూచుదుము? పార్టీ ఎన్నాళ్లనుండి వ్యాపారము చేయుచున్నది, ఇల్లు వాకిలి యున్నవా, వెనుకటి బాకీ ఎట్లు తీర్చినది అని విచారింతుము. ఊరు పేరు తెలియనివానికి ఒక్క మూటయైనను ఉద్దెర ఇయ్యము. అట్టి మనము నిన్న పుట్టిన కంపెనీకి జీవితకాలపు అప్పు ఇచ్చుట ఎట్లు?

కంపెనీల ఆయుస్సును గురించి షోలాపురమువారికి ఎవరును పాఠము చెప్పనక్కరలేదు. 1877లో ఈ ఊర పాత మిల్లు స్థాపింపబడెను. మన పూర్వులు కరీంనగరము, నల్లగొండ, పాలమూరు, వరంగల్ ప్రాంతముల నుండి మగ్గములు విప్పుకొని వచ్చినప్పుడు ఆ మిల్లు, దాని తరువాతి మిల్లులు తరతరములకు అన్నము పెట్టునని నమ్మిరి. నేడు పాత మిల్లు భోంగా వినబడదు. అంత గొప్ప సంస్థయే నిలువలేదు. ఇక కెమేరా కంపెనీ మాట చెప్పవలయునా?

పెట్టె ఆయుస్సు సంగతియు మన పేటలో వేరు. టవళ్ల మగ్గములున్న చోట దూది పింజ గాలిలో తేలుచునే యుండును. అది రికార్డరు లోపలి పంకాలో చేరి గాలి ఆడనీయదు, పెట్టె వేడెక్కును. దానికి తోడు కరెంటు హెచ్చుతగ్గులు. మా నూలు గిడ్డంగిలోని రికార్డరు డిస్కు నాలుగవ ఏట చెడిపోయెను. గిడ్డంగిలోనే ఇట్లైనచో మగ్గముల నడుమ సంగతి ఊహింపుడు. చీటీలోని జీవితకాలము నాలుగేండ్ల తరువాత లాభమిచ్చునది. మన కార్ఖానాలో పెట్టె నాలుగేండ్లకు చెడినచో, ఆ చందా కొత్త పెట్టెకు మారునా లేదా యనునదే సర్వమును నిర్ణయించును. మారునని కాగితముపై వ్రాసి ఇయ్యనిచో మారదనియే తలంచుడు. నోటి మాట నీటి మూట.

ఇంకొక సంగతి. 2025 ఏప్రిలు 9 నుండి మన దేశమున అమ్ము కెమేరాలకు భద్రతా పరీక్షల ధ్రువీకరణ తప్పనిసరి యయ్యెను. ఆ ధ్రువీకరణ లేని పాత సరకును కొందరు తక్కువ ధరకు దింపుకొన చూచుట సహజము. వెలతక్కువ పెట్టెతోపాటు జీవితకాలపు ఆశ చూపి అరచేతిలో వైకుంఠము చూపువానిని మొదట ధ్రువపత్రము చూపుమని అడుగుడు.

అయితే నెలసరి చందా మేలా? దానికిని రెండు లోపములు గలవు. మొదటిది మరపు. బ్యాంకు ఖాతా నుండి దానంతట అదే పోవునట్లు ఒకమారు ఒప్పుకొన్నచో, కెమేరా చెడి మూలపడినను చందా పోవుచునే యుండును. 2021 అక్టోబరు 1 నుండి రిజర్వు బ్యాంకు నియమము ప్రకారము, కార్డు ద్వారా గాని యూపీఐ ద్వారా గాని ఇట్లు పైకము తీసికొనుటకు ఇరువదినాలుగు గంటల ముందు ఖాతాదారునికి తెలియజేయవలెను. అక్కరలేనిచో దానిని రద్దు చేసికొను వీలుండవలెను. ఆ సందేశము వచ్చినప్పుడు చదువుడు. చదువ రానిచో ఇంటిలోని పిల్లలచే చదివించుకొనుడు.

రెండవ లోపము ఇంకను పెద్దది. పైకము ఒక్కమారు తీయగలవాడు నెలకు వంద చొప్పున కట్టును. తీయలేనివాడు నూటయేబది చొప్పున కట్టును. మూడేండ్లలో కలిగినవాడు 3,600, లేనివాడు 5,400 ఇచ్చును. అనగా వారపు పగారుపై బ్రదుకువాడే హెచ్చు ధర చెల్లించును. దుకాణములో పావుకిలో చొప్పున పప్పు కొనువాడు బస్తా కొనువానికంటె హెచ్చు ఇచ్చినట్లే ఇదియు.

దీనికి ఉపాయము లేదా? కలదు, అది మన పెద్దలు ఎరిగినదే. ఒక్కొక్కరికి చేతకానిది నలుగురు కలసినచో చేతనగును. సహకార సంఘములు పెట్టి నూలు తెచ్చుకొన్నవారము మనము. భిశీలు వేసికొని పెండ్లిండ్లు చేసినవారము మనము. గల్లీ వాకిట ఒక కెమేరా నాలుగు ఇండ్లకు కాపలా కాయును. మూడేండ్ల చందా 3,600 రూపాయలను నలుగురు పంచుకొన్నచో ఇంటికి 900. పగారు దినమున వారమునకు 50 రూపాయలు తీసిపెట్టినచో పదునెనిమిది వారములలో ఆ పైకము చేరును. అదే నెలసరిగా పోయినచో మూడేండ్లలో ఇంటికి 1,350 పడును. కలసినందువలన ఇంటికి 450 రూపాయలు మిగులు. మొదటి విడతకు కావలసిన పైకమును కార్ఖానాదారులు ముందు వేసి వారములవారీగా వడ్డీ లేక తీసికొన్నచో వారికి పోవునదేమియు లేదు. కాపలా వారి నూలుకే గదా!

ఇంతవరకు చెప్పిన దానినుండి మా సలహా ఇది. మూడు గల్లీలకును చందాతో పనిలేక నడచు హార్డుడిస్కు రికార్డరును మూలముగా పెట్టుకొనుడు. దానిని మగ్గముల నడుమ పెట్టక, పింజ చేరని గదిలో, తాళము గల పెట్టెలో నుంచుడు. గల్లీ మొదటను, చివరను ఉన్న రెండు కెమేరాలకు మాత్రము దూరమున దాచు సేవ తీసికొనుడు. కంపెనీ కొత్తదైనచో మొదటి మూడు నెలలు నెలసరిగా కట్టి పని చూడుడు; బాగుగా నడచినచో మూడేండ్ల చందాకు మారుడు. ఇల్లు అద్దెదై, ఏడాదిలో విడి ఘర్‌కుల్‌కో మరియొక చోటికో పోవ తలంచువారు నెలసరిలోనే యుండుడు. వారికి దీర్ఘకాలపు చందా బరువు. ఎవరైనను జీవితకాలమే కావలెనన్నచో ఆ ధర రెండేండ్ల నెలసరి చందాకు మించరాదు. కంపెనీ పాతదై యుండవలెను. ఆ పైకము అప్పు తెచ్చినది కారాదు.

ఏ చందా కట్టినను నాలుగు సంగతులు కాగితముపై వ్రాయించుకొనుడు. జీవితకాలమనగా ఎవరి జీవితము: మనిషిదా, పెట్టెదా, కంపెనీదా? పెట్టె చెడినచో చందా కొత్త పెట్టెకు మారునా? ఇల్లు మారినచో, అమ్మినచో ఏమగును? సేవ నడుమ నిలిచినచో మిగిలిన కాలపు పైకము తిరిగి ఇత్తురా? వీనికి జవాబు వ్రాసి ఇయ్యనివాడు జవాబు ఇచ్చినట్లే, ఇంటికి పొండు. రసీదు లేక ఒక్క రూపాయియు ఇయ్యవలదు. తగవు వచ్చినచో 1915 అను నెంబరుకు ఫోను చేసి వినియోగదారుల సహాయము కోరవచ్చును. వ్యాపారము కొరకు కొన్నవానికి వినియోగదారుల చట్టము వర్తింపదని కొందరు బెదిరింతురు. తన పొట్టకూటికై స్వయముగా మగ్గము నడుపుకొనువాడు ఆ పనికై కొన్న వస్తువు విషయమున వినియోగదారుడేనని 2019 నాటి చట్టము చెప్పుచున్నది. కావున వెనుదీయవలదు.

కడపట ఒక మాట మన సంఘమును గురించియే. ఇతరులకు చెప్పిన నీతి మనకును వర్తింపవలెను గదా. ఈ వారపత్రికకు మనమును ఏడాది చందా, అయిదేండ్ల చందా, ఆజీవ చందా యని మూడు విధములుగా పైకము తీసికొనుచున్నాము. ఆజీవ చందాదారుల పైకము ఏమగుచున్నది? కాగితము వెల పెరిగిననాడు, అచ్చుకూలి ఇయ్యవలసిననాడు దానినుండియే తీసి వాడుచున్నాము. ఇది మేమును కలసి చేసిన పనియే. రేపు కొత్త చందాదారులు తగ్గినచో ఆ ముసలివారికి పత్రిక ఏ పైకముతో పంపుదుము? అమెరికా కంపెనీని తప్పు పట్టుటకు మనకు నోరేది? కావున ఆజీవ చందాల పైకమును వేరుగా బ్యాంకు డిపాజిటులో నుంచి, దానిపై వచ్చు వడ్డీని మాత్రమే పత్రికకు వాడవలెనని మేము ప్రతిపాదించుచున్నాము. ఇంతవరకు వాడినదానిని మూడేండ్లలో తిరిగి నింపవలెను. అందులో మా వంతును మేము ముందుగా చెల్లించెదము. ఆజీవమని వ్రాసినప్పుడు చందాదారుని జీవితమనియే మన పత్రికలో అర్థము కావలెను. పత్రిక జీవితమని కాదు.

ఆ ముసలితల్లి ఇప్పుడు లేదు. ఆమె బ్రదికినంతకాలము ఆ నెంబరుకు నెలనెలా మేమే పైకము వేసితిమి. అది దానము కాదు. ఇచ్చిన మాటకు వడ్డీ. మిమ్ము ఆ స్థితికి తేరాదనియే ఇంత దీర్ఘముగా చెప్పితిమి. వచ్చు ఆదివారము మూడు గల్లీల పెద్దలును ఆ చీటీని, నాలుగు ప్రశ్నలకు అమ్మువారు వ్రాసి ఇచ్చిన జవాబులను తీసికొని రండు. కలసి చదివి, కలసి నిర్ణయింతము.